తోడు లేని డైవింగ్: ముందు ఏది కొనాలి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కొన్నేళ్లుగా స్కూబా చేస్తున్నాను. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కార్డు ఉంది, లాగ్‌బుక్‌లో 70 డైవ్‌లు దాటాయి. నీటి అడుగున ఫొటోలు తీయడం నా పిచ్చి. బోటెక్కిన ప్రతిసారీ ముక్కూ మొహం తెలియని మనిషిని నాకు బడ్డీగా, అంటే నీళ్లలో జతగా, అంటగడతారు. నేను ఒక రొయ్య దగ్గర పది నిమిషాలు ఆగితే వాళ్లకు విసుగు. లేదంటే వాళ్ల గాలి అయిపోయి, నా సిలిండర్‌లో సగం మిగిలి ఉండగానే నేనూ పైకి రావాలి. అందుకే ఇకమీదట ఒంటరిగా దిగుదామనుకుంటున్నాను. అరచేతిలో పట్టే అత్యవసర సిలిండర్, రెండో డైవ్ కంప్యూటర్, ముఖమంతా కప్పే మాస్క్, కాలికి కట్టుకునే పెద్ద కత్తి కొనాలని రాసుకున్నాను. ఒకరు వాడిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) కూడా తక్కువలో వస్తోంది. వీటిలో ముందు ఏది కొనాలి? ఆరోగ్యం బాగానే ఉంది. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను, అదుపులోనే ఉంది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, వింటే టెన్షన్ పడుతుంది.

సమాధానం: మీ ఉత్తరంలో సామాను గురించి ఇంత రాశారు, బీపీ గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆ ముక్క దగ్గరే మొదలుపెడతాను.

నీళ్లలో మునిగిన మనిషికి కాళ్లలో ఉండాల్సిన రక్తం కొంత ఛాతీ వైపు చేరుతుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. అది అందరికీ జరిగేదే, చాలామందికి తెలియను కూడా తెలియదు. దానికి చల్లటి నీళ్లు, బిగుతు సూట్, ప్రవాహానికి ఎదురీదడం తోడైతే మాత్రం కొందరిలో రక్తంలోని ద్రవం ఊపిరితిత్తుల గాలి గదుల్లోకి ఊరడం మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా అంటారు. బీపీ ఉన్నవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. ఆయాసం వస్తుంది, దగ్గు వస్తుంది, ముదిరితే నురగతో కళ్లె పడుతుంది. లోపల ఉన్న మనిషికి మాత్రం తన ఊపిరితిత్తుల మీద అనుమానం రాదు, రెగ్యులేటర్ మీద వస్తుంది. గాలి సరిగ్గా రావట్లేదనుకుంటాడు. సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ చూస్తే 120 బార్ ఉంటుంది, అంటే గాలి సగానికి పైగానే ఉంది. రెండో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుంటాడు, అయినా అంతే. దీనికి మందు ఒక్కటే: వెంటనే నీళ్లలోంచి బయటపడి ఆక్సిజన్ తీసుకోవడం. పక్కన మనిషి ఉంటే పట్టుకుని పైకి తెస్తాడు, ఒడ్డుకు లాగుతాడు. ఒంటరిగా ఉన్నవాడి వెంట మూడు సిలిండర్లు ఉన్నా అవి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. బీపీ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి హాయిగా డైవ్ చేసేవాళ్లు ఉన్నారు. కానీ మీకు మాత్ర రాసిచ్చిన డాక్టరుకు మీరు నీళ్ల కిందికి వెళతారని తెలుసా? ఒంటరిగా వెళ్లబోతున్నారని తెలుసా? డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరును కలిసి, గుండె పరీక్షలు చేయించుకుని, వేసుకునే మాత్ర పేరుతో సహా చెప్పి, ఆయన సరేనన్నాకే మిగతా మాట. ఇదివరకు ఎప్పుడైనా నీళ్లలో కారణం తెలియకుండా ఆయాసం, దగ్గు వచ్చాయంటే అది కూడా దాచకుండా చెప్పండి. అలా ఒకసారి వచ్చిన మనిషికి ఒంటరి డైవింగ్ వద్దనే నా అభిప్రాయం.

డాక్టర్ ఒప్పుకున్నాడనుకుని ముందుకు వెళతాను.

బడ్డీల గురించి మీరు రాసినది చదువుతుంటే కొత్తగా ఏమీ అనిపించలేదు. కెమెరా పట్టుకున్న ప్రతివాడి గోడూ ఇదే. అయితే ఆ గోడులో మీరు గమనించని సంగతి ఒకటుంది. మీరు రొయ్య దగ్గర పది నిమిషాలు వంగి కూర్చున్నప్పుడు ఆ బడ్డీ ఎక్కడున్నాడు? పదిహేను మీటర్ల అవతల, మీకు వీపు పెట్టి. ఆ క్షణంలో మీ గాలి ఆగిపోతే ఊపిరి బిగబట్టి, అతన్ని వెతికి, పట్టుకుని, విషయం అర్థమయ్యేలా చెప్పగలిగేవారా? పెద్ద ఫిన్‌లు వేసుకున్నా ఖాళీ ఊపిరితిత్తులతో పదిహేను మీటర్లంటే మాటలు కాదు. అంటే మీరు ఒంటరి డైవింగ్ ఇకముందు మొదలుపెట్టబోవడం లేదు, ఎప్పుడో మొదలుపెట్టేశారు. దానికి కావలసిన సరంజామా లేకుండా, లాగ్‌బుక్‌లో మరొకరి సంతకంతో చేస్తున్నారు. కొత్తవాళ్లను వెంటబెట్టుకుని దిగే ఇన్‌స్ట్రక్టర్లదీ దాదాపు ఇదే పరిస్థితి. వాళ్లకేదైనా అయితే ఆ కొత్తవాళ్లు ఆదుకుంటారని ఎవరూ అనుకోరు.

అందుకే నా సలహా: సొంతంగా బతికి బయటపడే సామాను ఇప్పుడే సమకూర్చుకోండి, కానీ దాన్ని వాడటం బడ్డీ ఉన్న డైవ్‌లలోనే నేర్చుకోండి. ఒంటరిగా దిగడం తర్వాత చూడొచ్చు. బడ్డీ దగ్గర మనకు రెండు దొరుకుతాయి. ఒకటి అతని సిలిండర్, రెండోది అతని బుర్ర. మొదటిదానికి బదులు కొనుక్కోవచ్చు. రెండోదానికి బదులు కొట్లో దొరకదు. ముప్పై మీటర్ల దగ్గర నైట్రోజన్ మత్తు ఎక్కి మీరు గేజ్ చూడటం మరిచిపోతే, ‘ఏంటి, గాలెంతుంది?’ అని వేళ్లతో అడిగే మనిషి ఉండడు. మత్తులో ఉన్నవాడికి తాను మత్తులో ఉన్నానని తెలియదు కాబట్టి ఆ పని మీరే చేసుకోలేరు. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే, ఆ లోతుకు వెళ్లకపోవడం.

డైవింగ్ భద్రత మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్లు 947 డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఒక విశ్లేషణ ప్రచురించారు. గొడవ మొదట ఎక్కడ మొదలైందో తేలిన సందర్భాల్లో 41 శాతం గాలి చాలకపోవడం, 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం, 15 శాతం పరికరాలతో ఇబ్బంది. మీ జాబితాను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ముందు గాలి, తర్వాత కోసుకుని బయటపడే సాధనం, ఆ తర్వాతే మిగతావి.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీ జాబితాలో మొదటి వస్తువే నాకు నచ్చలేదు.

ముందుగా మీరు నిమిషానికి ఎంత గాలి పీలుస్తారో తెలుసుకోవాలి. చేతిలో పలక ఉంటే చాలు. 15 మీటర్ల లోతులో, లోతు మార్చకుండా, మామూలు వేగంతో పది నిమిషాలు ఈదండి. మొదట గేజ్ ఎంత చూపించిందో, చివర ఎంత చూపించిందో రాసుకోండి. 11 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ తగ్గిందనుకుందాం. అంటే 550 లీటర్లు, నిమిషానికి 55. పదిహేను మీటర్ల దగ్గర ఒత్తిడి 2.5 బార్ కాబట్టి 55ను 2.5తో భాగిస్తే 22. నీటి మట్టం దగ్గర మీ వాడకం నిమిషానికి 22 లీటర్లన్నమాట. ఇది ఒక్కసారి చూసి వదిలేసే అంకె కాదు. చల్లటి నీళ్లలో ఒకసారి, ప్రవాహంలో ఒకసారి, కెమెరాతో ఒకసారి కొలవండి. కెమెరాతో కొలిచినప్పుడు చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఫొటో కుదరాలని ఊపిరి బిగబట్టి, తర్వాత దానికి రెట్టింపు పీల్చేస్తుంటారు.

భయపడిన మనిషి మామూలు వాడకం మీద రెట్టింపు సులువుగా లాగుతాడు. అందుకని అత్యవసరానికి నిమిషానికి సుమారు 40 లీటర్లు వేసుకుందాం. మీరు 20 మీటర్ల దగ్గర ఉన్నారు, గాలి ఆగిపోయింది. రెగ్యులేటర్ మార్చుకుని, ఏమైందో అర్థం చేసుకుని, తేరుకోవడానికి ఒక నిమిషం. అక్కడ ఒత్తిడి 3 బార్ కాబట్టి 120 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి రెండు నిమిషాలు, సుమారు 180 లీటర్లు. అక్కడ మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి ఆగడం, ఇంకో 180. చివరి ఐదు మీటర్లు నెమ్మదిగా ఒక నిమిషంలో వస్తే 50. అన్నీ కలిపితే 530 లీటర్లు.

ఇప్పుడు మీ అరచేతి సిలిండర్ తీయండి. ఆ రకం వాటిలో బాగా అమ్ముడుపోయే సైజులో పట్టేది దాదాపు 85 లీటర్లు. 20 మీటర్ల దగ్గర, భయంలో, అది 42 సెకన్లు వస్తుంది. అంటే మీరు తేరుకునేలోపే అయిపోతుంది. ఐదారు మీటర్లలో ఈదేవాడికి పనికొస్తుందేమో. మీకు అది ధైర్యం అమ్ముతుందే తప్ప గాలి అమ్మదు. కొనవద్దు.

అదే 3 లీటర్ల పోనీ సిలిండర్‌ను, అంటే ప్రధాన సిలిండర్‌కు తోడుగా పెట్టుకునే చిన్నదాన్ని, 200 బార్‌కు నింపితే 600 లీటర్లు. 20 మీటర్లకు సరిపోతుంది, పెద్దగా మిగలదు. 30 మీటర్ల నుంచి ఇదే లెక్క వేస్తే 720 లీటర్లు తేలుతుంది, అంటే అదే సిలిండర్ చాలదు. అందువల్ల మీ పోనీ సైజే మీ లోతును నిర్ణయిస్తుందని అనుకోండి. ఇంకాస్త వెసులుబాటు కావాలంటే 5.7 లీటర్ల అల్యూమినియం సిలిండర్ తీసుకోండి. టెక్నికల్ డైవర్లు స్టేజ్ సిలిండర్‌గా, అంటే పక్కన తగిలించుకునే అదనపు సిలిండర్‌గా, వాడేది ఇదే. దాదాపు 1,100 లీటర్లు పడుతుంది. చూడటానికి పెద్దదిగా కనిపించినా నీళ్లలో బరువు పెద్దగా తెలియదు. పక్కకు వేలాడదీసుకుంటే నాలుగు డైవ్‌లలో అలవాటైపోతుంది. నన్నడిగితే కొనేటప్పుడే ఇది కొనండి. 3 లీటర్లది కొని రెండేళ్లకు మార్చేవాళ్లను చాలామందిని చూశాను.

పోనీ ఏ సైజుదైనా వీపు మీది ప్రధాన సిలిండర్‌కు కట్టుకోవచ్చు, పక్కన వేలాడదీసుకోవచ్చు. నేను పక్కనే అంటాను. వాల్వ్ కళ్ల ముందు ఉంటుంది, కారుతుంటే బుడగలు కనిపిస్తాయి, చెయ్యి అందుతుంది. వీపు మీద ఉంటే వాల్వ్ మూసి ఉందో తెరిచి ఉందో ఊహించుకోవాల్సిందే. పోనీకి సొంత ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం), సొంత సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం), సొంత గేజ్ ఉండాలి. ఒకే సిలిండర్‌కు రెండు వాల్వ్‌లు పెట్టి రెండు రెగ్యులేటర్లు తగిలించే పద్ధతి కూడా ఉంది. రెగ్యులేటర్ పాడైతే అది ఆదుకుంటుంది గానీ సిలిండర్ ఖాళీ అయితే రెండు రెగ్యులేటర్లూ ఖాళీవే.

పోనీ వల్లే వచ్చే ఒక ప్రమాదం గురించి షాపులో చెప్పరు. బోటు మీద హడావుడిలో పోనీ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని దూకేయడం. ప్రధాన గేజ్ 200 బార్ దగ్గర కదలకుండా ఉంటే ‘ఈ రోజు గాలి ఎంత బాగా పొదుపు చేస్తున్నానో’ అని మురిసిపోవడం. పది పన్నెండు నిమిషాలకు పోనీ అయిపోతుంది. ప్రధాన సిలిండర్ నిండుగానే ఉంది, దాని రెగ్యులేటర్ ఎక్కడో వెనక వేలాడుతోంది, మనిషి కంగారులో పైకి పరుగెత్తుతాడు. ఇలాంటి ప్రమాదాలు జరిగాయి. అందుకే పోనీ రెగ్యులేటర్ చూడగానే, తాకగానే వేరేదని తెలియాలి. రంగు హోస్ ఒక్కటే చాలదు, చీకట్లో రంగు కనిపించదు. మౌత్‌పీస్ ఆకారమే వేరేది వేయించండి, నాలుకకు తేడా తెలుస్తుంది. దాన్ని సాగే తాడుతో మెడకు హారంలా వేసుకుని గడ్డం కింద ఉంచుకుంటే కళ్లు మూసుకుని తల వంచినా నోటికి అందుతుంది. ప్రధాన సిలిండర్‌కు ఉన్న అదనపు సెకండ్ స్టేజ్‌ను అప్పుడు వేరే చోట బిగించుకోవాలి. మెడ దగ్గర ఒక్కటే ఉండాలి, రెండు ఉంటే మళ్లీ గందరగోళం.

నీళ్లలోకి దిగాక రెండు మూడు మీటర్ల దగ్గర ఆగి పోనీ మీద నాలుగు ఊపిరులు తీసుకోండి, దాని గేజ్ ముల్లు చూస్తూ. ముల్లు ప్రతి ఊపిరికీ కిందికీ పైకీ ఊగుతుంటే వాల్వ్ సరిగ్గా తెరుచుకోలేదన్నమాట. ఇది ప్రతి డైవ్‌లో చేయండి, ఒక్కసారి చేసి మానేసే పని కాదు. కొందరు గాలి వృథా కాకూడదని పోనీ వాల్వ్ మూసి ఉంచుతారు. పక్కన బడ్డీ ఉన్నవాడికి అది నడుస్తుంది. ఒంటరిగా దిగేవాడు తెరిచే ఉంచుకోవాలని నా అభిప్రాయం. వాల్వ్ ముందే ఉంది కాబట్టి కారితే మూసేయొచ్చు.

హోస్‌ల గురించి రెండు ముక్కలు. గేజ్‌కు వెళ్లే హై ప్రెషర్ హోస్ పగిలితే బుడగలు భీకరంగా కనిపిస్తాయి, కానీ దాని మొదట్లో ఉన్న రంధ్రం సూది మొన అంత. గాలి నెమ్మదిగానే పోతుంది, పైకి రావడానికి సమయం ఉంటుంది. సెకండ్ స్టేజ్‌కు వెళ్లే లో ప్రెషర్ హోస్ తెగితే మాత్రం ఒకటి రెండు నిమిషాల్లో సిలిండర్ ఖాళీ. పేరు చూసి భయపడాల్సినదాన్ని తారుమారు చేసుకోకండి. ఏది తెగినా పోనీ తీసుకుని పైకి రావడమే, నీళ్లలో రిపేరు ఆలోచన వద్దు.

రెండో సిలిండర్, రెండో రెగ్యులేటర్ అన్నీ కలిపి ఖర్చు చూశాక ట్విన్ సిలిండర్లకో సైడ్‌మౌంట్‌కో పోదామనిపిస్తుంది. సైడ్‌మౌంట్ ఒంటరి డైవర్‌కు నిజంగా బాగుంటుంది, రెండు సిలిండర్లూ రెండు వాల్వ్‌లూ చంకల కింద కళ్లెదుటే ఉంటాయి. కానీ దానికి వేరే కోర్సు చేయాలి, రెండు సిలిండర్ల నుంచి మార్చి మార్చి పీల్చే క్రమశిక్షణ రావాలి, చేతిలో కెమెరా ఉండగా అది ఇంకో పని. ముందు పోనీతోనే లాగ్‌బుక్‌లో వంద డైవ్‌లు దాటండి.

ఇక కోసుకునే సాధనాలు. కాలికి కట్టుకునే పెద్ద కత్తి ఫొటోలో బాగుంటుంది. చేపల వలలో చిక్కుకున్న మనిషికి కాలి దాకా చెయ్యి వెళ్లకపోవచ్చు, పైగా ఆ కత్తే వలకు తగులుకుంటుంది. గాలానికి వాడే నైలాన్ దారం నీళ్లలో కనిపించదు. కాస్త కదిలాక ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంటుంది, అంతే. అలాంటప్పుడు అరచేతిలో ఇమిడే లైన్ కట్టర్ కావాలి, ఛాతీ పట్టీకి కట్టుకోండి. రెండోది ఆసుపత్రుల్లో బట్టలు కత్తిరించడానికి వాడే గట్టి కత్తెర, సన్న తీగను కూడా కోస్తుంది. ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి అందేలా పెట్టుకోండి. ఏ చెయ్యి చిక్కుకుంటుందో ముందు తెలియదు కదా.

దారం ఎక్కువగా తగులుకునేది మన చెయ్యి అందని చోటే, తల వెనక సిలిండర్ వాల్వ్ దగ్గర. బడ్డీ ఉంటే వెనక్కి వచ్చి రెండు సెకన్లలో తీసేస్తాడు. ఒంటరివాడు బకిల్స్ విప్పి, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని, బీసీడీని (గాలి నింపుకుని తేలడానికి వేసుకునే జాకెట్, సిలిండర్ దానికే ఉంటుంది) ముందుకు తిప్పుకుని, కోసి, మళ్లీ తొడుక్కోవాలి. స్విమ్మింగ్ పూల్‌లో చేసి చూడండి. మునగడానికి పెట్టుకునే సీసం బరువులు బీసీడీలో ఉంటే అది తీయగానే అది కిందికి, మీరు పైకి పోతారు. ఈ ఒక్క కారణంతో కొంత బరువును నడుము బెల్టుకు మార్చుకోమంటాను.

బరువు మాట వచ్చింది కాబట్టి అది కూడా సరిచూసుకోండి. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి బరువు రెండున్నర కిలోల పైమాటే. అందులో వాడేసినంత మేర డైవ్ చివరికి మీరు తేలికవుతారు. 50 బార్ మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి కదలకుండా నిలబడగలగాలి, అంతకు మించి ఒక్క ముద్ద సీసం కూడా వద్దు. బీసీడీ చిరిగినా ఫిన్‌లతో పైకి రాగలిగే బరువు అదే. పోనీ తగిలించుకున్నాక ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ముఖమంతా కప్పే మాస్క్ వద్దు. అది ఉండగా పోనీ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవాలంటే మాస్క్ మొత్తం పీకేయాలి. అప్పుడు గాలీ లేదు, చూపూ లేదు, ఒంటరిగా ఉన్నారు. శిక్షణ పొంది, గాలిని ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కు మార్చే స్విచ్ బ్లాక్ పెట్టుకుని వాడేవాళ్లు ఉన్నారు, మీకు ఆ అవసరం లేదు. దాని బదులు జేబులో మామూలు మాస్క్ ఇంకొకటి పెట్టుకోండి. రెండో కంప్యూటర్ మాత్రం మంచి ఆలోచన. మొదటిదానిలాగే లెక్కలు వేసేది తీసుకోండి, లేకపోతే సేఫ్టీ స్టాప్ దగ్గర రెండూ రెండు మాటలు చెబుతాయి. మీ కంప్యూటర్ గాలి అంకెను వైర్‌లెస్‌గా చూపించే రకమైతే ఒక సాదా ముల్లు గేజ్ కూడా ఉంచుకోండి.

మీ జాబితాలో లేనివి, నాకు కత్తి కంటే ముఖ్యమనిపించేవి, నీటిపైన కనబడటానికి పనికొచ్చేవి. సర్ఫేస్ మార్కర్ బాయ్ (గాలి నింపితే నీటిపైన నిలబడే గొట్టం), దానికి స్పూల్ (దారం చుట్టిన చక్రం). బోటు దూరంగా ఉండి అలలు లేస్తుంటే మనిషి తల కనిపించదు, నారింజ రంగు గొట్టం కనిపిస్తుంది. దాన్ని కింది నుంచి వదలడం ఒంటరిగా సాధన చేయండి. స్పూల్ దారం వేలికి చుట్టుకుంటే బాయ్‌తో పాటు మీరూ పైకి పోతారు. స్పూల్ బిగుసుకుపోతే పట్టుకోకుండా వదిలేయడం అలవాటు కావాలి. ఒక ఈల, చిన్న అద్దం, టార్చ్ జేబులో ఉండాలి. ప్రవాహాలున్న సముద్రమైతే నీళ్లు చొరని డబ్బాలో మీరున్న చోటు తెలిపే సంకేతాలు పంపే లొకేటర్ బీకన్ కూడా.

ఇంత సామాను ఒక్కసారి కొని ఒక్కసారి తగిలించుకోకండి. ముందు పోనీ, దాని మీద కొన్ని డైవ్‌లు. అది మీద ఉన్న సంగతే మరిచిపోయాక ఇంకోటి. ఈ లోపు మీ లాగ్‌బుక్ వంద దాటుతుంది. ఆ వంద ఎందుకంటే ఒంటరి డైవింగ్ నేర్పే కోర్సులు అడిగేది అదే. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ వాళ్ల సెల్ఫ్ రిలయంట్ డైవర్ కోర్సుకు 18 ఏళ్లు నిండి, అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ ఉండి, 100 డైవ్‌లు నమోదై ఉండాలి. అలాంటిదే ఇంకో సంస్థ ఎస్‌డీఐ వాళ్ల సోలో డైవర్‌కు కూడా 100 డైవ్‌లే, వయసు మాత్రం 21. గాలి లెక్కలు, పోనీకి మారడం, మాస్క్ లేకుండా ఈదడం, బాయ్ వదలడం అన్నీ అక్కడ ఒక ఇన్‌స్ట్రక్టర్ కళ్లెదుట చేస్తారు. నేను పైన రాసినవి చదివి కోర్సు మానేయొద్దు. కార్డు ఉన్నా చాలా బోట్ల వాళ్లు ఒంటరిగా దిగనివ్వరు, ముందే అడిగి వెళ్లండి. మీ డైవింగ్ బీమా ఒంటరి డైవ్‌కు వర్తిస్తుందా అన్నది కూడా పాలసీ కాగితంలో చూడండి.

మొదటి ఒంటరి డైవ్‌లకు కెమెరా తీసుకెళ్లకండి. మీరు ఇదంతా చేస్తున్నదే కెమెరా కోసమని తెలుసు, అయినా సరే. రొయ్య మీసాల మీద ఫోకస్ కుదిరే దాకా గేజ్ చూడని మనిషి మీరని మీ ఉత్తరమే చెబుతోంది. బాగా తెలిసిన చోటు, 12 నుంచి 15 మీటర్ల లోతు, ప్రవాహం లేని రోజు, ఒడ్డు నుంచి దిగి ఒడ్డుకే రావడం. ఓడల శిథిలాల లోపలికి, గుహల్లోకి, రాత్రిపూట, డికంప్రెషన్ స్టాప్‌లు (పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాల్సినవి) కావలసిన డైవ్‌లకు వద్దు. సిలిండర్‌లో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగండి. ఆ రొటీన్ విసుగు పుట్టించే దాకా అలాగే చేసి, అప్పుడు కెమెరా తీసుకెళ్లండి, కంప్యూటర్‌లో అయిదు నిమిషాలకోసారి గేజ్ చూడమని గుర్తుచేసే సదుపాయం ఉంటే పెట్టుకోండి.

మీ ఆవిడకు చెప్పలేదన్నారు. చెప్పాలి. మనసులో మాట పంచుకోవడం గురించి కాదు నేను అనేది, ఒడ్డున ఒక మనిషి కావాలి కాబట్టి. ఒక కాగితం మీద ఎక్కడ దిగుతున్నారో, ఎన్ని గంటలకు దిగుతున్నారో, ఎంత లోతుకో, ఏ టైముకు బయటికి వస్తారో రాసి ఇవ్వండి. ఆ టైము దాటి ఎన్ని నిమిషాలకు ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నంబర్లతో సహా రాయండి. ‘కాస్త లేటయినా కంగారు పడకు’ అని మాత్రం చెప్పకండి. లేటయితే కంగారు పడటమే ఆ మనిషి పని. ఆవిడకు అది కష్టమనిపిస్తే ఒడ్డున నిలబడే వేరొకరిని చూసుకోండి. ఎవరూ దొరకని రోజు దిగకండి.

చివరిగా ఆ పాత రెగ్యులేటర్. పోనీకి పాతది చాలులే అనుకుంటారు చాలామంది. కానీ ప్రధాన రెగ్యులేటర్ చెడిపోయిన రోజునే మీరు దాన్ని వాడేది, అందుకని అది దానికంటే నమ్మకమైనది అయి ఉండాలి. కొత్తదే అవసరం లేదు. ఆ కంపెనీ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయా, చివరి సర్వీస్ ఎప్పుడు చేశారో కాగితం ఉందా అని అడగండి. ఫస్ట్ స్టేజ్‌లో గాలి లోపలికి వెళ్లే చోట ఉండే చిన్న ఫిల్టర్‌ను టార్చ్ వేసి చూడండి. ఆకుపచ్చగా ఉంటే లోపలికి ఉప్పునీళ్లు వెళ్లాయి, తుప్పు రంగులో ఉంటే ఏదో సిలిండర్ లోపల తుప్పు పట్టి ఉంది. రెండిట్లో ఏది కనిపించినా ధర ఎంత తక్కువైనా వదిలేయండి. శుభ్రంగా ఉంటే కొని, నీళ్లలోకి తీసుకెళ్లకముందే పూర్తి సర్వీస్ చేయించండి. ఆ సర్వీస్ ఖర్చు కలుపుకుని కూడా కొత్తదానికంటే చవకగా వస్తేనే బేరం.